చాట కింద కదలిక

మల్లెపూలు జడలో కాకుండా రొమ్ముల మీద కట్టుకునే రోజు ఒకటి వస్తుందని నేనెన్నడూ అనుకోలేదు. 2023 ఏప్రిల్ నెలాఖరు. దవాఖాన నుంచి ఇంటికొచ్చిన మూడో పొద్దు లేచేసరికి జాకెట్టు తడిసి ఉంది. రొమ్ములు రాళ్ళలా గట్టిపడి, చెయ్యి తగిలితే ప్రాణం పోతోంది. పాలు పడ్డాయి. తాగే బిడ్డ లేదన్న సంగతి నా ఒంటికి ఇంకా తెలియలేదు. దవాఖానలో కన్నీటి చుక్క రాని దాన్ని, ఆ తడి చూసి గోడకు ఒరిగి ఏడ్చాను.

అత్తమ్మ చూసింది. ఏమీ అనలేదు. బయటికి పోయి, కాసేపటికి కొంగులో మల్లెపూలు తెచ్చింది. మాల కట్టినవి కావు, విడిపూలు. మామ పాత ధోవతి చింపి, దాని మీద పూలు పరిచి, నా ఛాతీకి చుట్టి వెనక ముడి వేసింది. "పాలు ఇంకిపోతయ్ బిడ్డా" అంది. పొద్దున ఒకసారి, మాపటికి ఒకసారి పూలు మార్చేది. వాడిన వాటిని పెంట మీద పారెయ్యలేదు. బోరు పక్కన కరివేపాకు చెట్టు మొదట్లో పోసి మన్ను కప్పింది. నాలుగైదు రోజులకు రొమ్ములు మెత్తబడ్డాయి.

చాలా రోజుల తర్వాత ఒక డాక్టరమ్మకు ఈ సంగతి చెబితే, ఆమె శ్రద్ధగా విని, తమిళనాడులోని వేలూరు వైద్యులు దీన్ని పరీక్షించి చూశారని చెప్పింది. బాలింతల్లో పాలు ఆపడానికి కొందరికి బ్రోమోక్రిప్టిన్ మాత్ర ఇచ్చి, కొందరికి మల్లెపూలు కట్టి చూస్తే రెండూ పనిచేశాయట. 1988లో ఆ వ్యాసం అచ్చయింది. నాకు ఆ మాట ఎంత ధైర్యమిచ్చిందో. మా అత్తమ్మ ఒక్క అక్షరం చదువుకోలేదు. నాకు మొదటి వైద్యం ఆమెదే.

మాది నస్రుల్లాబాద్. మునుపు బీర్కూర్ మండలంలో ఊరు. 2016 అక్టోబరులో కామారెడ్డి జిల్లా ఏర్పడినప్పుడు మండల కేంద్రమైంది. పొలాలకు నిజాంసాగర్ నీళ్ళు, ఆడవాళ్ళ ఒళ్ళో బీడీల చాట, మగవాళ్ళు దుబాయ్‌లోనో మస్కట్‌లోనో. మా చుట్టుపక్కల చాలా ఇళ్ళ కథ ఇదే. నేను బాన్సువాడలో డిగ్రీ చదివాను. పెళ్ళయిన రెండో నెలలో చాట నా ఒళ్ళోకొచ్చింది. అప్పటికే మా ఆయన దుబాయ్‌లో ఉన్నాడు. ఏడాదికో, రెండేళ్ళకో సెలవు మీద వస్తాడు.

బీడీలు చేసేటప్పుడు ఫ్యాను వేసుకోకూడదు, తంబాకు ఎగిరిపోతుంది. ఎండాకాలమైనా ఉక్కపోతలోనే కూర్చోవాలి. ఐదో నెల పడ్డాక ఒక మధ్యాహ్నం చాటలో తంబాకు చిన్నగా కదిలింది. గాలి ఎక్కడిదా అని తలెత్తి చూశాను. ఫ్యాను ఆగే ఉంది. మళ్ళీ కదిలింది. అప్పుడర్థమైంది, చాట కింద ఉన్నది తను. ఆ రోజు నుంచి నేను చాట పెట్టుకోగానే తను తన్నేది. "ఏందే దొరసానీ, పని చేసుకోనియ్యవా" అనేదాన్ని. ఆడపిల్లో మగపిల్లాడో తెలియదు, నోటికి ఆ మాట వచ్చింది, అంతే.

ఏప్రిల్ 20, గురువారం, సూర్యగ్రహణం. మన దేశంలో కనబడదని టీవీ వాళ్ళే చెప్పారు, ఆ వెంటనే గర్భిణులు ఏం చెయ్యకూడదో గంటల కొద్దీ చెప్పారు. అత్తమ్మ నన్ను మధ్యాహ్నం దాకా కదలకుండా పడుకోమంది. నేను వినలేదు. రాత్రి నానబెట్టిన ఆకు ఉంది. కత్తిరించకపోతే ఎండిపోతుంది, మర్నాడు కార్ఖానాలో లెక్క తక్కువవుతుంది. అత్తమ్మ దొడ్లోకి పోయినప్పుడు కత్తెర తీసుకుని ఒక కట్ట ఆకు కత్తిరించాను.

ఐదు రోజులకు, రాత్రి పూట, నొప్పి లేదు ఏం లేదు, నడుము కింద నీళ్ళు వచ్చినట్టయింది. ఆటోలో పట్నం దవాఖానకు పోయేసరికి తెల్లవారుజాము. ఆ దవాఖాన పేరు రాయను. అక్కడివాళ్ళు నా ప్రాణం కాపాడారు, అది మరచిపోలేదు. కాని నన్ను పడుకోబెట్టింది బాలింతల వార్డులో. అటు పక్కా ఇటు పక్కా పసిపిల్లలు. ఆ రోజంతా పిల్లల ఏడుపు వింటూ పైన రంగు పెచ్చులూడిన చోట చూస్తూ పడుకున్నాను. నాకు బిడ్డను చూపించలేదు. "సూడకు, మనసు పాడయితది" అని అత్తమ్మే అందట. ఇరవై రెండు వారాలు. ఆడపిల్ల. మామ, ఇంకో పెద్దాయన కలిసి గుడ్డలో తీసుకుపోయారు. ఎక్కడ పెట్టారో నేను అడగలేదు, వాళ్ళు చెప్పలేదు.

చేతికిచ్చిన కాగితంలో 'అబార్షన్' అని ఉంది. తనంతట తాను పోయినా, తీయించుకున్నా డాక్టర్లకు రెండూ అదే మాట. మా ఊళ్ళో ఆ మాటకు ఒక్కటే అర్థం. పక్కింటామె ఆ కాగితం చూసి గొంతు తగ్గించి, "ఆడివిల్లని ఎరుకైందా? తీపిచ్చుకున్నరా?" అంది. ఆమెకు ద్వేషం లేదు, అడగాలనిపించి అడిగింది. నాకు మాత్రం నా బిడ్డను నేనే చంపినట్టు ఊరంతా అనుకుంటోందని ఆ క్షణాన రూఢి అయిపోయింది. కత్తెర గుర్తొచ్చింది.

మన తెలుగులో ఇంకో మాట ఉంది, కడుపు పోయింది అని. నాకు ఆ మాటే నిజమనిపించింది.

వచ్చినవాళ్ళంతా ఓదార్చడానికే వచ్చారు. "చిన్నదానివి, మల్ల అయితది." "పుట్టి పోతే ఇంకెంత గోస?" "దేవుడు మంచికే జేసిండు." పురుడు లేదు, దినాలు లేవు, ఎవరూ స్నానం చేసి ఇంటికి రావలసిన పని లేదు. అదే వారం అకాల వర్షాలకు కల్లాల్లో వడ్లు తడిసి మొలకెత్తాయి. ఎకరాలు రాసుకోవడానికి మనుషులు ఇల్లిల్లూ తిరిగారు. మామ పట్టా పాసుబుక్కు పట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. నేను లోపలి నుంచి ఆ మాటలు వింటున్నాను. ఎంత పోయింది, ఏ సర్వే నంబరు, ఎవరి పేరు మీద.

నా బిడ్డ ఏ పుస్తకంలోకీ ఎక్కలేదు. 28 వారాలు నిండాక ప్రాణం లేకుండా పుట్టిన బిడ్డను జనన మరణాల నమోదు చట్టం కింద రాస్తారు, 1969 నుంచి ఉన్న చట్టం అది. మాకు ఆరు వారాలు తక్కువైంది. ఉన్న ఒక్క పుస్తకం అంగన్‌వాడీ రిజిస్టరు. ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకు రోజూ ఒక పూట భోజనం, గుడ్డు, పాలు ఇస్తారు. నేనూ పోయి తినేదాన్ని. గర్భిణి కాదు, బాలింత కాదు, ఇక నా పేరు ఏ గళ్ళో ఉండాలి? టీచరక్క కొట్టేసింది, కొట్టెయ్యాల్సిందే. ఆ వారమంతా తన ఇంట్లోంచి రోజూ ఒక ఉడికిన గుడ్డు ఆయమ్మతో పంపింది. దాని గురించి ఒక్క మాటా మాట్లాడలేదు. నేను ఆ గుడ్డు తింటూ ఏడ్చేదాన్ని.

మా ఆయన సంగతి చెప్పాలి. దుబాయ్ నుంచి వాట్సాప్ కాల్ కలవదు, అందరం ఇమోలోనే మాట్లాడుకుంటాం. దవాఖాన నుంచి మామ చెబితే, "సరే, దాన్ని పైలంగ సూస్కోండ్రి" అని పెట్టేశాడు. రెండు రోజులు ఫోన్ లేదు. మూడో రోజు చేసి డబ్బులు పంపానన్నాడు, తిన్నావా అన్నాడు. బిడ్డ మాట ఎత్తలేదు. అలా నెల గడిచింది. ఈ మనిషికి ఏం పట్టలేదని నాలో నేను రగిలిపోయాను. క్యాంపులో ఒక గదికి ఎనిమిది మంది ఉంటారని, అతను ఏడవడానికి బాత్రూంలోకి పోయి నల్లా తిప్పుకునేవాడని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

జూన్‌లో, మిరుగు వచ్చిన వారం, నిద్ర పూర్తిగా పోయింది. చాట ఒళ్ళో పెట్టుకోలేకపోయేదాన్ని. నేల మీద పెట్టుకుని వంగి చేస్తే నడుము విరిగేది, రోజుకు రెండు వందల బీడీలు కూడా అయ్యేవి కావు. ఆశా వర్కర్ అక్క మొదట్లో రక్తం, జ్వరం చూడటానికి వచ్చేది. ఆ వారం ఊరికే వచ్చి కాసేపు కూర్చుంది. నేల మీది చాట చూసింది. నా ఫోన్ తీసుకుని ఒక నంబరు ఎక్కించింది. 14416. "టెలిమానస్ అంటరు. పైసలు లేవు, రాత్రైనా ఎత్తుతరు. నీ పేరు ఊళ్ళో ఎవ్వలకు చెప్పరు" అంది. ఆ నంబరు 2022 అక్టోబరు 10న మొదలైందట, దేశమంతటా ఒకటే నంబరు, తెలుగులో మాట్లాడవచ్చు. ఆమె దాన్ని 'మనసు' అని సేవ్ చేసింది. ఇప్పటికీ నా ఫోన్‌లో ఆ పేరే ఉంది.

రెండు రోజులు చేయలేదు. మూడో రాత్రి రెండింటికి బోరు పక్కన కూర్చుని చేశాను. భాష ఎంచుకోమంది, నొక్కాను. ఒక ఆడగొంతు. "చెప్పండమ్మా" అంది. నాకు మాట రాలేదు. ఆమె తొందరపడలేదు. "ఎక్కడ కూర్చున్నారు?" అనడిగింది. బోరు దగ్గర అన్నాను. "పక్కన ఎవరైనా ఉన్నారా?" లేరన్నాను. "చచ్చిపోవాలనిపిస్తోందా?" సూటిగా అడిగేసింది. ఇంట్లో అందరూ ఆ ప్రశ్న చుట్టూ తిరుగుతున్నారు, ఎవరూ అడగలేదు. "చావాలని లేదు మేడం, లేవాలని లేదు" అన్నాను.

ఎన్ని నెలలమ్మా అంది. కదలిక తెలిసిందా అంది. అప్పుడు చెప్పాను, చాట గురించి, తంబాకు కదలడం గురించి. "కడుపులో ఉన్నప్పుడు ఏమని పిలిచేవారు?" అని ఆమె అడిగిన తర్వాత ఎంతసేపు ఏడ్చానో నాకు తెలియదు. ఫోన్ పెట్టెయ్యలేదామె. దొరసాని, అన్నాను చివరికి. "దొరసాని" అని ఆమె కూడా అంది. ఇంకో మనిషి నోట ఆ పేరు వినడం అదే మొదటిసారి.

గ్రహణం, కత్తెర కూడా ఆ రాత్రే చెప్పుకున్నాను. ఆ నీడ పడింది ఆస్ట్రేలియా పడమటి అంచున, అటు దీవుల మీద, మన మీద పడలేదు కదమ్మా అంది. అది నాకు ముందే తెలుసు. డిగ్రీ చదివాను. తెలియడం వేరు, అర్ధరాత్రి కత్తెర చప్పుడు చెవిలో మోగడం వేరు. ఆమెకు ఆ తేడా తెలుసనుకుంటా, వాదించలేదు. "మీ బిడ్డను చూసినవాళ్ళు ఇంట్లో ఎవరున్నారు? వాళ్ళను అడగాలనిపిస్తే అడగండి" అంది. తర్వాత ఇంకో ఐదారుసార్లు చేశాను. ప్రతిసారీ అదే గొంతు దొరకలేదు. ఒకరు నిద్ర గురించి, తిండి గురించి వివరంగా చెప్పారు. ఒకరు మా ఆయనతో ఏం మాట్లాడాలో నాతోనే అనిపించి చూశారు. అన్నీ ఒకేలా సాయపడ్డాయని అనను. ఒక రోజైతే మధ్యలోనే పెట్టేశాను. ఆ మొదటి రాత్రి మాత్రం నన్ను నిలబెట్టింది.

మర్నాడు అత్తమ్మ ఆకు కత్తిరిస్తుంటే ఎదురుగా కూర్చుని అడిగాను. "ఎట్లుండె అత్తమ్మా?" కత్తెర ఆగింది. ఆమె నా ముఖం చూడలేదు. "చాటల పండవెట్టచ్చు, గంతుండె" అంది. కాసేపాగి, "గోర్లు వచ్చినయ్. కనుబొమ్మలు వచ్చినయ్, దారం పోగు లెక్క. గదవ నీదే" అంది. మళ్ళీ కత్తెర ఆడింది. నా గదవ ఎలా ఉంటుందో ఎప్పుడూ చూసుకోలేదు. లోపలికి పోయి అద్దంలో చూసుకున్నాను.

జూలైలో నిజామాబాద్ పెద్ద దవాఖానలో మానసిక వైద్యుల దగ్గరికి పొమ్మని ఫోన్‌లోనే చెప్పారు. అత్తమ్మ వెంట వచ్చింది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, "ఆడికి పిచ్చోళ్ళు పోతరని అంటరు, నువ్వు పట్టించుకోకు" అంది. తనకు తాను చెప్పుకున్నట్టుంది ఆ మాట. అక్కడి డాక్టరమ్మ నాకు పిచ్చి లేదని, ఇది దుఃఖమని, నిద్ర లేక అది ముదిరిందని చెప్పింది. కొన్నాళ్ళకు మాత్ర రాసింది. లండన్, బెల్జియం డాక్టర్లు 2020లో ప్రచురించిన అధ్యయనం సంగతి ఆమె దగ్గరే విన్నాను. తొలి నెలల్లో గర్భం పోయిన ఆడవాళ్ళను నెల తర్వాత పరిశీలిస్తే నూటికి 29 మందిలో, పెద్ద ప్రమాదాలు చూసినవాళ్ళకు వచ్చేలాంటి మానసిక గాయం లక్షణాలు కనిపించాయట. తొమ్మిది నెలలకు కూడా 18 మందిలో ఉన్నాయట. అవి తొలి నెలల సంగతి, నాకు ఐదు దాటాయి. "మీరు లేవలేకపోవడంలో వింతేముంది?" అంది.

కాన్పుల డాక్టరును కలవమని కూడా ఆమే పంపింది. గర్భసంచి మూతి బిగువు లేక నొప్పులు రాకుండానే తెరుచుకుందని, నాకు జరిగింది అదే అయి ఉంటుందని అక్కడ చెప్పారు. గ్రహణం వల్ల కాదు, బిందె ఎత్తడం వల్ల కాదు. ఈసారి మూడు నెలలు నిండగానే వస్తే మూతికి కుట్టు వేసి చూస్తామన్నారు. ఆ మాట నాతో అనే ముందు డాక్టరు అత్తమ్మను కూడా లోపలికి పిలిచింది. అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని విన్నది. బయటికొచ్చాక బల్ల మీద చాలాసేపు కూర్చుండిపోయింది. నేను నా కత్తెర గురించే ఆలోచించాను, ఆమె ఏం మోస్తోందో అప్పటికి నాకు తెలియదు.

శ్రావణంలో తెలిసింది. మా అరుగు మీద ఏడుగురం కూర్చుని బీడీలు చేస్తాం. ఆ రోజు నేను మళ్ళీ చాట ఒళ్ళో పెట్టుకున్నాను. ఎవరూ చూడనట్టు చూశారు. కాసేపటికి అత్తమ్మ, ఆకు చుడుతూ, ఎవరితోనూ కాదన్నట్టు, "నాకు ఐదు కాన్పులు. ముగ్గురు దక్కిన్రు" అంది. ఆ లెక్క నాకెప్పుడూ చెప్పలేదు. మా ఆయనకు కూడా తెలియదు. పోయిన ఇద్దరూ ఆయనకంటే ముందువాళ్ళు, ఇద్దరూ ఐదో నెలలోనే. "నాకు గప్పుడు ఎవ్వలు చెప్పలే. నా చెయ్యే మంచిది కాదనుకున్న" అంది. దారం పళ్ళతో తెంపింది. పక్కామె, "నాకొకడు. బతికితే వానికి పెండ్లయ్యేది" అంది. డెబ్బై దాటిన ముసలామె నాటు వేస్తుంటే గట్టు మీద అయిన సంగతి చెప్పింది, ఆ పొలం ఎవరిదో, ఆ రోజు ఏ వారమో కూడా చెప్పింది. ఏడుగురిలో ఐదుగురం. ఒక్కరి చెయ్యీ ఆగలేదు. ఎవరూ తలెత్తలేదు. అందుకే మాట్లాడగలిగామనిపిస్తుంది నాకు.

దక్కడం అనే మాట గురించి నేనెంతో ఆలోచించాను. దక్కలేదు అంటే లేదని కాదు. వచ్చింది, మన చేతికి నిలవలేదు. మా అరుగు మీది ఆడవాళ్ళు పోయినవాళ్ళను ఎన్నడూ లెక్కలోంచి తీసెయ్యలేదు. పైకి చెప్పలేదు, అంతే. ఆ సాయంత్రం సంఘంలో తిరిగే ఒక అక్క ఇంకో సంగతి చెప్పింది. అప్పట్లో అమల్లో ఉన్న 1961 ప్రసూతి చట్టంలో గర్భం పోయినామెకు ఆరు వారాల జీతంతో సెలవు ఉందని, ఇంట్లో బీడీలు చేసేవాళ్ళకు కూడా 1966 బీడీ కార్మికుల చట్టం దాన్ని వర్తింపజేస్తుందని. మాలో ఒక్కరికీ తెలియదు. ముసలామె, "ఆరు వారాలా?" అని రెండుసార్లు అడిగింది. ఆమె ఆనాడు గట్టు మీద నుంచి లేచి సాయంత్రం దాకా నాటు వేసింది.

తర్వాతెప్పుడో నాకు కుట్టు వేయించుకునే రోజు వచ్చింది. ఆ సంగతి ఇక్కడ రాయను. ఆ బిడ్డ ఈ బిడ్డకు బదులు కాదు.

మా ఆయన 2023 డిసెంబరులో సెలవు మీద వచ్చాడు. సూట్‌కేసులో అందరి సామాను తీశాక అడుగున ప్లాస్టిక్ కవరులో గులాబీ రంగు చిన్న కంబళి మిగిలింది. మార్చిలో కొన్నాడట. దాన్ని ఎలా పారెయ్యాలో తెలియక తొమ్మిది నెలలు మంచం కింద పెట్టుకున్నాడు. ఇద్దరం దాని రెండు కొసలూ పట్టుకుని కూర్చున్నాం. ఫోన్‌లో ఎన్నడూ అడగని మాట అప్పుడు అడిగాడు, "యాడ వెట్టిన్రు?" నాకు తెలియదన్నాను.

పొద్దున్నే ఆయన మామను అడిగాడు. "బాపూ, యాడ వెట్టినవ్?" మామ పార తీసుకుని నడిచాడు, వెనక మేము. యాసంగి నీళ్ళు వదిలారు, కాలువ నిండుగా పారుతోంది. మా మడి కొసన, కాలువ గట్టు మీద కానుగ చెట్టు కింద ఆగి, చేత్తో ఆకులు పక్కకు తోశాడు. అరచేతి వెడల్పు బండ. చుట్టూ గడ్డి పీకి నున్నగా ఉంది, ఎప్పుడో ఒకసారి పీకింది కాదు. "ఈడనే" అన్నాడు. "నీళ్ళు కట్టనీకి వచ్చినప్పుడల్లా సూసి పోత."

మా ఆయన చెప్పులు విప్పాడు. మామ పార భుజాన వేసుకుని, మా వైపు చూడకుండా, మడికి నీళ్ళు మళ్ళించడానికి పోయాడు.